ఫొటోలు ముందు, ఫార్మాట్ తర్వాత

పేరు వేయొద్దని అడిగిన ఒకావిడ చాలా పెద్ద ఉత్తరమే రాశారు, కుదించి చెప్తాను. ఇంట్లో విండోస్ 10 ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఉంది. ఈవిడ పిల్లలకి ట్యూషన్లు చెప్తారు, ప్రశ్నపత్రాలు, నోట్సు, ఫీజుల లెక్కలు అన్నీ దాంట్లోనే. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన ఫొటోలు, ఆయన మాట్లాడిన వీడియోలు ఫోన్ నిండినప్పుడల్లా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్‌లో తీసేశారు, అంటే ఇంకెక్కడా కాపీ లేదు. కంప్యూటర్ సంగతులన్నీ అక్కగారి అబ్బాయి చూస్తాడు, పిలిస్తే వస్తాడు, డబ్బు ముట్టుకోడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి ఎక్కించి వెళ్తాడు: క్రాక్ చేసిన ఆఫీస్, దానికో యాక్టివేటర్ (డబ్బు కట్టకుండానే లైసెన్స్ ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రామ్), రెండు క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్, ర్యామ్ బూస్టర్. యాక్టివేటర్ పని చెయ్యాలంటే యాంటీవైరస్ ఆపాలట, ఆపేశాడు, మళ్ళీ పెట్టలేదు. ఇప్పుడు ఆన్ చేసి వేరే పని చూసుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది, కుడివైపు కింద మూలలో 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు' అని పదేపదే వస్తోంది, బ్రౌజర్ తెరిస్తే ఎవరిదో తెలియని సెర్చ్ పేజీ. అబ్బాయి ఈ ఆదివారం వస్తానన్నాడు, 'మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం పిన్నీ, ఫొటోలు తర్వాత రికవర్ చేసుకోవచ్చులే' అన్నాడు. భర్తగారేమో కొత్తది కొనేద్దాం అంటున్నారు. ఈవిడకి ఫొటోలు పోతాయని ఒక భయం, వద్దంటే అబ్బాయి నొచ్చుకుని అక్కతో మాట వస్తుందని ఇంకో భయం. చివర్లో 'నాకు కంప్యూటర్ గురించి ఏమీ తెలీదు, ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇది బాగవుతుందో ఒక్క పేరు చెప్పండి చాలు' అని రాశారు.

అమ్మా, ఆ ఒక్క పేరు అడిగితే మాత్రం నేను చెప్పలేను, ఎందుకంటే మీ కంప్యూటర్‌ని ఈ స్థితికి తెచ్చినవన్నీ అలా ఒక్కో పేరుగా వచ్చినవే. ఇంకోటి ఎక్కిస్తే బాగయ్యే దశ దాటిపోయింది, ఇప్పుడు తీసెయ్యాల్సినవే ఎక్కువ. కానీ ఆ తీసెయ్యడం కూడా తర్వాత సంగతి. ముందు నాన్నగారి ఫొటోలు. ఆదివారం లోపల, అబ్బాయి రాకముందే, ఇంకేం చెయ్యకపోయినా ఇదొక్కటి చెయ్యండి.

'తర్వాత రికవర్ చేసుకోవచ్చు' అన్న మాట మీద మాత్రం దయచేసి ఆధారపడొద్దు. రికువా లాంటి ఫ్రీ రికవరీ సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజమే, పొరపాటున ఒక ఫైల్ డిలీట్ అయితే పనికొస్తాయి, అదీ వెంటనే ఆ డిస్క్ వాడటం ఆపేస్తేనే. ఫార్మాట్ చేసి దాని మీద మళ్ళీ విండోస్ ఎక్కిస్తే కొన్ని జీబీల కొత్త డేటా పాతదాని మీద రాసేస్తుంది, అలా చెరిగిపోయిన ఫొటో ఏ సాఫ్ట్‌వేర్‌కీ దొరకదు. దొరికినవి కూడా చాలాసార్లు పేర్లు, ఫోల్డర్లు పోయి, సగం తెరుచుకుని సగం తెరుచుకోకుండా వస్తాయి. అదే లోపల ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్, ఉంటే ఇంకా కష్టం, డిలీట్ అయిన జాగాని అది తనంతట తనే ఖాళీ చేసేసుకుంటుంది. కాబట్టి రికవరీ అనేది ప్రమాదం జరిగాక చివరి ఆశగా వాడుకునేదే తప్ప ముందుగా వేసుకునే ప్లాన్ కాదు.

కాపీ ఎలాగంటే, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ గానీ పెద్ద పెన్‌డ్రైవ్ గానీ తీసుకోండి, అందులో మీకు కావాల్సినవేవీ లేకుండా చూసుకోండి. కీబోర్డ్ మీద విండోస్ బటన్ పట్టుకుని ఇంగ్లిష్ E అక్షరం నొక్కితే ఫోల్డర్లు తెరుచుకుంటాయి. పిక్చర్స్, వీడియోస్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఫోన్ నుంచి ఎక్కించినవి డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డాక్యుమెంట్స్‌లో, డీ డ్రైవ్‌లో ఎక్కడెక్కడో ఉంటాయి. 'దిస్ పీసీ' మీద నిలబడి పైన వెతికే చోట స్టార్ గుర్తు, చుక్క, జేపీజీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఫొటోలన్నీ ఎక్కడున్నా బయటపడతాయి, వీడియోలకి ఎంపీ4 అని కొట్టండి. ఐఫోన్ నుంచి వచ్చినవైతే హెచ్ఈఐసీ, ఎంఓవీ అని కూడా ఉండొచ్చు. దొరికిన ఫోల్డర్లని కాపీ చెయ్యండి, కట్ మాత్రం వద్దు, కట్ చేసి పేస్ట్ చేస్తుండగా కరెంటు పోయిందా, కేబుల్ కదిలిందా, ఏది ఎక్కడుందో తెలీని గందరగోళం. అయ్యాక పాత ఫోల్డర్ మీద, కొత్త ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో రెండు అంకెలూ పోల్చి చూడండి. అలాగే ప్రశ్నపత్రాలు, లెక్కలు. ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లు మాత్రమే తీసుకోండి, ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు, అంటే పేరు చివర ఈఎక్స్ఈ అని ఉండేవి, ఒక్కటి కూడా వద్దు, జబ్బు ప్రయాణం చేసేది ఎక్కువగా వాటితోనే. కాపీ అయిన వెంటనే ఎజెక్ట్ చేసి ఆ డ్రైవ్ పీకి పక్కన పెట్టేయండి, ఈ కంప్యూటర్ శుభ్రపడేదాకా మళ్ళీ దీనికి తగిలించకండి.

కాపీ చేస్తుండగా డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వచ్చినా, ఫైళ్లు మధ్యలో ఆగిపోతూ ఎర్రర్లు ఇచ్చినా ఆపేసి కంప్యూటర్ ఆఫ్ చేసెయ్యండి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి. అది డిస్క్ చచ్చిపోతోందన్న గుర్తు, అప్పుడు డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లడమే మంచిది.

ఇది ఒక కాపీ. ఫొటోలని జాగ్రత్త చేసే వృత్తిలో ఉన్నవాళ్లు 3-2-1 అని ఒక లెక్క పాటిస్తారు, మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. మీకు ఇంటి బయట అంటే క్లౌడే సులువు. గూగుల్ అకౌంట్‌కి 15 జీబీ ఉచితం, కానీ అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. వీడియోలన్నీ పట్టవు, అందుకని నాన్నగారివి ముందు ఎక్కించండి, గూగుల్ ఫొటోస్‌లో ఒరిజినల్ క్వాలిటీ అని పెట్టుకోండి లేకపోతే కుదించేస్తుంది. ఒక్క విషయం మాత్రం చాలామందికి తెలియక నష్టపోతున్నారు: ఇలాంటివి సింక్ అవుతాయి, అంటే ఒక చోట డిలీట్ చేస్తే రెండో చోట కూడా పోతుంది, ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటుంది, తర్వాత అదీ పోతుంది. అందుకే పక్కన పెట్టిన ఆ డ్రైవ్ కూడా ఉండాలి, క్లౌడ్ ఉంది కదా అని దాన్ని ఖాళీ చేసి వేరేదానికి వాడేయకండి.

ఫొటోలు భద్రం అయ్యాక మిగతాదంతా మీరు తాపీగా చేసుకోవచ్చు, తప్పు జరిగినా సరిదిద్దుకోవచ్చు, భయం సగం అక్కడే పోతుంది.

ఇప్పుడు ఆ మూలన వచ్చే '5 వైరస్‌లు' సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అది చాలావరకు వైరస్ హెచ్చరిక కాదు, బ్రౌజర్ నోటిఫికేషన్. ఎప్పుడో ఏదో సైట్ 'అలో నొక్కితేనే వీడియో వస్తుంది' అనో 'రోబో కాదని నిరూపించుకోండి' అనో అడిగింది, ఇంట్లో ఎవరో నొక్కారు, అప్పట్నుంచి ఆ సైట్‌కి మీ స్క్రీన్ మీద ఏది కావాలంటే అది చూపించే పర్మిషన్ వచ్చేసింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అక్కడ 'అలౌడ్' కింద ఉన్న తెలియని పేర్లన్నీ తీసెయ్యండి. ఆ హెచ్చరిక మీద క్లిక్ చేసి 'క్లీన్ నౌ' లాంటివి మాత్రం ఎప్పుడూ నొక్కొద్దు. తెలియని సెర్చ్ పేజీ కూడా దాదాపు అంతే, ఎక్స్‌టెన్షన్స్, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు, అన్న చోటికి వెళ్లి మీరు పెట్టుకోనివన్నీ రిమూవ్ చెయ్యండి, అప్పటికీ పోకపోతే సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంటుంది, బుక్‌మార్క్స్ పోవు.

అబ్బాయి ఎక్కించినవాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకే కాదు, ఆ అబ్బాయికి కూడా ఇది తెలిస్తే మంచిది. ర్యామ్ బూస్టర్ చేసేదేంటంటే మెమరీలో ఉన్నవాటిని బలవంతంగా బయటికి తోసి 'ఇంత ఖాళీ చేశాను' అని అంకె చూపిస్తుంది, మరుక్షణం మీరు వర్డ్ తెరిస్తే విండోస్ అవన్నీ మళ్ళీ డిస్క్ నుంచి తెచ్చుకోవాలి, దాంతో ఇంకా నెమ్మదిస్తుంది. విండోస్ తన సెట్టింగ్స్ రాసి పెట్టుకునే చోటుని రిజిస్ట్రీ అంటారు, దాన్ని కడుగుతామనే రిజిస్ట్రీ క్లీనర్లని వాడటాన్ని మైక్రోసాఫ్టే సమర్థించదు. డ్రైవర్లు, అంటే ప్రింటర్ లాంటివాటిని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రామ్‌లు, విండోస్ అప్‌డేట్‌లోనే వస్తాయి, లేదంటే కంప్యూటర్ తయారుచేసినవాళ్ల సైట్‌లో. ఇక క్లీనర్లు, వాటిలో బాగా పేరున్న సీక్లీనర్‌లోకే 2017లో హ్యాకర్లు చొరబడి అధికారిక వెర్షన్‌లోనే మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, కలిపేశారు, 20 లక్షల పైచిలుకు కంప్యూటర్లలోకి వెళ్లింది. అంత పెద్దవాళ్లకే అలా అయిందంటే ఊరూ పేరూ లేని క్లీనర్‌ని ఏం నమ్ముతాం. జాగా ఖాళీ చెయ్యాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ అని ఉంది, టెంపరరీ ఫైల్స్ అక్కడే పోతాయి, కాకపోతే అందులో డౌన్‌లోడ్స్ అన్న గడి టిక్ అయి ఉందేమో చూసుకోండి, అయితే అక్కడ దాచుకున్నవన్నీ పోతాయి. ఏ ఫోల్డర్ ఎంత మింగేసిందో బొమ్మలా చూపించాలంటే విన్‌డర్‌స్టాట్ అని ఉచితంగా ఉంది, అది చూపిస్తుంది అంతే, మనం చెప్పందే ఏదీ తీసెయ్యదు.

వీటన్నిటికంటే నాకు ఆందోళనగా ఉన్నది యాక్టివేటర్. యాంటీవైరస్ ఆపమని అడిగే ప్రోగ్రామ్ అంటే వాచ్‌మన్‌ని ఇంటికి పంపేసి లోపలికి రానివ్వమని అడిగే మనిషి లాంటిది. అది మంచిదై ఉండొచ్చు, కాకపోనూవచ్చు, తెలుసుకునే దారి మాత్రం మీరే మూసేశారు. యాంటీవైరస్ కోసం కొత్తగా ఏదీ కొనక్కర్లేదు, విండోస్ 10లో డిఫెండర్ దానితోనే వస్తుంది, విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆన్ చెయ్యండి, చేశాక 'ఆఫ్‌లైన్ స్కాన్' అని ఉంటుంది, అది నడిపించండి, కంప్యూటర్ రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే వెతుకుతుంది, దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ప్రకటనలు చూపించే చెత్త ప్రోగ్రామ్‌లని ఏరేసే యాడ్‌డబ్ల్యూక్లీనర్ అనే టూల్ ఒకసారి నడిపి, పని అయ్యాక దాన్నీ తీసెయ్యొచ్చు.

ఇక అసలు దారులు. నాకు కనబడేవి నాలుగు, ఏదైనా మీ ఇష్టమే కానీ దేనికి ఏం పోతుందో చెప్తాను.

మొదటిది, ఉన్నదాన్నే శుభ్రం చేసుకోవడం. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి బూస్టర్, క్లీనర్లు, అప్‌డేటర్, క్రాక్ ఆఫీస్ అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యడం, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్ అన్న ట్యాబ్‌లో ఆన్ చెయ్యగానే లేచేవన్నీ ఉంటాయి, అక్కర్లేనివి డిజేబుల్ చెయ్యడం. ఒక సాయంత్రం పని. మీ చేతుల్తో మీరే చెయ్యగలరు. కానీ యాక్టివేటర్ లోపల ఏం వదిలి వెళ్లిందో ఏ స్కాన్ కూడా నూటికి నూరుపాళ్లు చెప్పలేదు, ఆ అనుమానం మిగిలిపోతుంది, బ్యాంకు పనులు ఆ కంప్యూటర్‌లో చేసేవాళ్లయితే నేను దీంతో సరిపెట్టుకోమనను.

రెండోది విండోస్‌ని తాజాగా పెట్టుకోవడం. అంటే అబ్బాయి చెప్పిందాని దగ్గరికే వచ్చాం, ఆ సలహా తప్పు కాదు, వరస తప్పు. సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ' ఉంటుంది, అందులో 'కీప్ మై ఫైల్స్' అంటే మీ పర్సనల్ ఫైళ్లు ఉంచి ప్రోగ్రామ్‌లు తీసేస్తుంది, 'రిమూవ్ ఎవ్రీథింగ్' అంటే అన్నీ. మీ విషయంలో ఫొటోల కాపీ సరిచూసుకున్నాక రెండోదే మేలు, శుభ్రంగా ఉంటుంది. 'కీప్' అన్నారు కదా అని కాపీ తీసుకోకుండా దాన్ని నొక్కడం మాత్రం వద్దు, యూజర్ ఫోల్డర్లు కాకుండా బయట ఎక్కడో దాచినవాటికి గ్యారంటీ లేదు. విండోస్ కంప్యూటర్‌తో పాటే వచ్చిందని రాశారు కాబట్టి దాని లైసెన్స్ తనంతట తనే మళ్ళీ పట్టుకుంటుంది, క్రాక్ అక్కర్లేదు.

కాకపోతే ఒకటుంది, విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందిలే అనుకోకండి, 2017 మే నెలలో వనాక్రై అని ప్రపంచమంతా ఫైళ్లకి తాళాలు వేసి డబ్బులడిగిన మాల్వేర్ వచ్చింది, దాని దారి మూసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే మార్చిలో వచ్చేసింది, వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. మీకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు పెంచుకునే ఏర్పాటు విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ ఆన్ చేసుకోవడం అందులో ఒక దారి. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉన్న ప్రాసెసర్ కావాలి, 'పీసీ హెల్త్ చెక్' అనే మైక్రోసాఫ్ట్ టూల్ మీ కంప్యూటర్‌కి అర్హత ఉందో లేదో చెప్పేస్తుంది, పాతవాటిలో చాలావాటికి ఉండదు.

అర్హత లేకపోతే మూడో దారి లైనక్స్ మింట్, విండోస్ బదులు వాడుకునే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. పూర్తిగా ఉచితం, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, చూడ్డానికి విండోస్‌కి దగ్గరగా ఉంటుంది, అన్నిటికంటే నాకు నచ్చేది ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు, నచ్చకపోతే రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ ఎక్కడిదక్కడే. బ్రౌజర్, ఆఫీస్ పనులు, వీడియోలు అన్నీ నడుస్తాయి. ప్రింటర్ పట్టుకుంటుందో లేదో మాత్రం ఆ పెన్‌డ్రైవ్ దశలోనే చూసుకోండి, మీకు ప్రశ్నపత్రాలు ప్రింట్ తియ్యడం ముఖ్యం కదా. విండోస్‌లోనే నడిచే ప్రత్యేకమైన ప్రోగ్రామ్ ఏదైనా ఇంట్లో ఎవరికైనా కావాలంటే మాత్రం ఇది ఇబ్బంది.

నాలుగోది మీ వారు చెప్పినట్టు కొత్తది. తొందరపడకముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి, డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (తిరిగే పాత రకం హార్డ్‌డిస్క్) అని ఉండి ఏ పనీ లేనప్పుడు కూడా 100 శాతం దగ్గర తిరుగుతుంటే మీ నెమ్మదికి పెద్ద కారణం అదే, దాని బదులు ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే కంప్యూటర్ వేరేదా అన్నట్టు లేస్తుంది. కొత్త కంప్యూటర్ కంటే చాలా తక్కువ ఖర్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం 'గుడ్', 'కాషన్', 'బ్యాడ్' అని చెప్తుంది, గుడ్ కాకపోతే ఆ డిస్క్‌లో ఎంత శుభ్రం చేసుకున్నా లాభం లేదు. నన్నడిగితే ఫొటోలు కాపీ, ఎస్ఎస్‌డీ, దాని మీద అర్హత ఉంటే విండోస్ 11 లేకపోతే మింట్, ఈ వరసలో వెళ్తాను, పాత డిస్క్ అలాగే తీసి దాచుకుంటారు కాబట్టి అందులోది ఏదీ చెరిగే ప్రసక్తే రాదు.

ఏ దారిలో వెళ్లినా క్రాక్ ఆఫీస్ మళ్ళీ అక్కర్లేదు. లిబ్రేఆఫీస్ వేసుకోండి, 2010 నుంచి ఉంది, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరుస్తుంది, ఫీజుల లెక్కలకి నిక్షేపంలా సరిపోతుంది. పాత ప్రశ్నపత్రాల్లో టేబుళ్లు, గణితం ఈక్వేషన్లు ఉన్న చోట అమరిక కొంచెం కదలొచ్చు, ఒకసారి సరిచేసి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకుంటే ఎక్కడ ప్రింట్ తీసినా మారదు. వీడియోలకి వీఎల్‌సీ, జిప్ ఫైళ్లకి 7-జిప్, అంతే, మీ పనికి ఇంతకంటే నాకేం తోచట్లేదు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు సెర్చ్‌లో పైన కనబడే ప్రకటనలు నొక్కకుండా అసలు సైట్‌కే వెళ్లండి, లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, వీడియోలాన్ డాట్ ఆర్గ్, 7-జిప్ డాట్ ఆర్గ్, మిగతా సైట్లలో పెద్ద పచ్చ బటన్ చాలాసార్లు వేరేదాన్ని దింపుతుంది.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకి విండోస్‌లోనే ఉన్న రెండు సుఖాలు కూడా చెప్తాను. విండోస్ బటన్‌తో ఇంగ్లిష్ V అక్షరం నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ లిస్టుగా వస్తాయి, మొదటిసారి ఆన్ చెయ్యమంటుంది. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే స్క్రీన్‌లో కావాల్సిన ముక్క మాత్రమే కత్తిరించుకోవచ్చు, బొమ్మలున్న ప్రశ్నలకి బాగా పనికొస్తుంది.

అన్ని అకౌంట్లకీ ఒకటే పాస్‌వర్డ్ అని కూడా మధ్యలో ఒక లైన్ రాశారు, అది వదిలెయ్యలేను. యాక్టివేటర్ లాంటివి మోసుకొచ్చేవాటిలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం కూడా ఉంటుంది, కాబట్టి దొంగిలించారనే అనుకుని మార్చేద్దాం. ఈ కంప్యూటర్ నుంచి మాత్రం మార్చొద్దు, మీ ఫోన్ నుంచి మార్చండి, ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి, ఎందుకంటే ఈమెయిల్ చేతిలో ఉన్నవాడు మిగతా అన్నీ రీసెట్ చేసుకోగలడు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. గుర్తుండవంటే పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే బిట్‌వార్డెన్ అనే యాప్ ఉచితం, అది వద్దనుకుంటే ఇంట్లో బీరువాలో నోట్‌బుక్ కూడా నాకు అభ్యంతరం లేదు, ఒక్కోదానికి ఒక్కోటి ఉండటమే కావాల్సింది.

ఇంక అబ్బాయి. మీ ఉత్తరంలో కంప్యూటర్ గురించి కంటే ఎక్కువ బాధ ఇక్కడే కనబడింది నాకు. ఆదివారం రావొద్దని చెప్పేస్తే మీకు ప్రశాంతంగానే ఉంటుంది కానీ వాడికి కారణం అర్థం కాదు, అక్కగారి దాకా వెళ్తుంది. ఏమీ అనకుండా వాడు చెప్పినట్టే కానిచ్చేస్తే మాట రాదు కానీ ఇంకో ఏడాదికి మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తారు. మధ్యలో ఇంకోటుంది, రమ్మనండి, కానీ పని మీరు చెప్పండి. 'ఫొటోలు కాపీ చేసి పెట్టాను, అన్నీ వచ్చాయో లేదో వేరే కంప్యూటర్‌లో నువ్వొకసారి చూడు నాన్నా, తర్వాత తాజాగా విండోస్ పెడదాం, ఈసారి క్రాక్‌లు వద్దు, లిబ్రేఆఫీస్ వేద్దాం, నువ్వు చెప్తుంటే కీబోర్డ్ నేను పట్టుకుంటాను' అనండి. పాత తప్పులు ఎత్తకండి, ఆ వయసులో పిల్లలు చుట్టూ ఉన్నవాళ్లు చేసిందే చేస్తారు, వాడు మీ మంచికే చేశాడు. పైగా పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించడం, ఎస్ఎస్‌డీ మార్చడం లాంటివి కంప్యూటరంటే ఇష్టమున్న కుర్రాళ్లకి సరదా పనులు, యాక్టివేటర్ వెతకడం కంటే వాడికే ఎక్కువ నచ్చొచ్చు. క్రాక్ లేకపోతే కుదరదని పట్టుబడితే మాత్రం 'దీంట్లో మీ మేనమామలవీ, తాతయ్యవీ ఫొటోలున్నాయి, ట్యూషన్ పిల్లల పేర్లూ నంబర్లూ ఉన్నాయి, నాకు భయంగా ఉంది' అని ఉన్నదున్నట్టు చెప్పండి, పోయింది వాడి తాతయ్యే కదా, అర్థం చేసుకుంటాడు.

అంతా అయ్యాక రెండు యూజర్ అకౌంట్లు పెట్టించండి, ఒకటి అడ్మిన్, ఒకటి మామూలుది. రోజూ అందరూ మామూలుదే వాడండి, ఏదైనా ఇన్‌స్టాల్ అవ్వాలంటే చాలావరకు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి.